జనరల్ గారి పక్క గది

లా కాలేజీ చివరి ఏడాది ఫలితాలు తలుపు మీద అంటించిన రోజున అర్లిస్ హెగ్డాల్ పేరు అన్నిటికంటే పైన ఉంది. లోవెల్ బ్రెక్కీ పేరు ఇరవై మూడోది. మధ్యలో ఉన్న ఇరవై ఒక్క పేర్లూ ఆమె ఎప్పుడో మరిచిపోయింది. అతని అంకె మాత్రం జీవితమంతా గుర్తుంది.

ఇద్దరిదీ ఒకటే ఊరు, ఫాల్క్‌నెస్. చుట్టూ గోధుమ పొలాలు, రైలు కట్ట పక్కన ధాన్యం నిలవచేసే పెద్ద గోపురం, రెండు చర్చిలు, ఒక బడి. లోవెల్ తండ్రి ట్రాక్టర్లు అమ్మేవాడు. అర్లిస్ తల్లి ఇంగా బడిలో పిల్లలకు వంట చేసేది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క వకీళ్ళ ఆఫీసుకు ఆ వేసవిలో ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళారు. లోవెల్‌ని ఆ ముసలి వకీలు, "మీ నాన్న ఎలా ఉన్నాడు? ఎప్పుడొచ్చి చేరతావు?" అని అడిగాడు. అర్లిస్‌ని, "టైపు ఎంత వేగంగా కొడతావమ్మాయ్?" అని అడిగాడు.

ఆమె ఆ మెట్లు దిగి తిన్నగా రాష్ట్ర రాజధానికి వెళ్ళిపోయింది. అక్కడ అటార్నీ జనరల్ ఆఫీసులో చిన్న వకీలుగా చేరింది. రాష్ట్రం తరఫున వాదించే ఆఫీసు అది. జీతం తక్కువ, పని ఎక్కువ, మరెవరూ రారు కాబట్టి టైపు గురించి అడక్కుండానే ఆడదాన్ని తీసుకున్నారు. తొమ్మిదేళ్ళు గొడ్డులా పనిచేసింది. ఆ ఆఫీసులో ఎవరికి ఏ చట్టం సందేహం వచ్చినా ఆమె గదికే వచ్చేవారు. పైన కూర్చున్న జనరల్ మారినా ఆమె మారలేదు. ఏదో ఒకనాడు ఆ పై గది తనదే కావాలని ఎవరికీ చెప్పకుండా అనుకునేది. అయితే ఆ గదికి దారి చదువులోంచి కాదు, ఓట్లలోంచి. జనరల్‌ని ఎన్నుకునేది జనం.

జనం అంటే లోవెల్‌కు ప్రాణం. అదే అర్లిస్‌కు అర్థంకాని విద్య. అతను ఎవరితోనైనా ఒకసారి చెయ్యి కలిపితే వాళ్ళ పేరు మాత్రమే కాదు, వాళ్ళ కుక్క పేరు కూడా గుర్తుపెట్టుకునేవాడు. జులై నాలుగో తారీఖు స్వాతంత్ర్య దినం ఊరేగింపులో లారీ మీద నిలబడి పిల్లలకు మిఠాయిలు విసురుతుంటే, ముసలమ్మలు కూడా గౌను అంచు పట్టినంత పని చేసేవాళ్ళు. అందులో ముందుండేది ఇంగా.

"చూశావుటే పేపరు? మన లోవెల్ అటార్నీ జనరల్‌కి నిలబడుతున్నాడట," అంది ఇంగా ఒక ఆదివారం ఫోన్లో.

"చూశాను."

"బొమ్మ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించాను. ఎంత బాగా పడ్డాడో!"

"నా బొమ్మ ఉందా అమ్మా నీ ఫ్రిజ్ మీద?"

"నీది పేపర్లో ఎప్పుడు పడిందే?"

అర్లిస్ ఫోను పెట్టేసి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది. తొమ్మిదేళ్ళు తను తుడిచి, సర్ది, కాపలా కాసిన ఇంటికి అతను పెళ్ళికొడుకులా మేళంతో వస్తున్నాడు.

అది పంతొమ్మిది వందల ఎనభై, సెప్టెంబరు. అదే నెలలో ఆమె చేతికి డెల్మర్ కుంట్జ్ కేసు వచ్చింది.

ఫాల్క్‌నెస్‌కు దూరంగా ఒక చిన్న కౌంటీలో సాయంత్రం ఆరు గంటల వేళ విత్తనాల గోదాము తగలబడింది. లోపల ఉన్న ముసలి కాపలాదారు చనిపోయాడు. రెండు రోజుల ముందు ఆ గోదాములోంచే ఇరవై ఆరేళ్ళ డెల్మర్‌ని పనిలోంచి తీసేశారు. అతను మద్యం దుకాణంలో కూర్చుని, "దాన్ని తగలబెట్టినా పాపం లేదు," అని అరిచాడట. అంత చిన్న కౌంటీలో హత్యకేసు నడిపిన వకీలు లేడు కనుక రాజధాని నుంచి అర్లిస్‌ని పంపారు. ఆమె మొదటి పెద్ద కేసు.

ఆ కౌంటీ పోలీసు అధికారి, షెరీఫ్, ఇచ్చిన ఫైలులో ఒక కాగితం ఉంది. గోదాముకు నలభై మైళ్ళ దూరంలో లారీలు ఆగే హోటల్లో పనిచేసే ఒక అమ్మాయి మాటలు. ఆ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా డెల్మర్ తన ఎదుటే కూర్చున్నాడని, రెండు ఆపిల్ కేకు ముక్కలు తిని, కాఫీ కప్పు కిందపడేసి పగలగొట్టాడని అందులో రాసి ఉంది.

"ఇదేమిటి?" అని అడిగింది అర్లిస్.

"అదా? ఆ పిల్ల వాడి వెనక తిరిగే రకం అమ్మాయ్. వాడికోసం ఏదైనా చెబుతుంది," అన్నాడు షెరీఫ్. "ఆల్రెడీ పని మానేసి ఎటో పశ్చిమానికి వెళ్ళిపోయింది కూడా. పక్కన పెట్టు."

అలాంటి కాగితం ఎదుటి వకీలుకు చూపించి తీరాలి. అది చట్టం. ఆ చట్టం మీద కొత్తగా చేరిన వకీళ్ళకు పాఠం చెప్పేది అర్లిసే. అలవాటు ప్రకారం చదివిన గుర్తుగా మూల మీద తన పొడి అక్షరాలు వేసింది. రేపు పంపిద్దాం అనుకుంది. మర్నాడు పొద్దున్నే రేడియోలో, లోవెల్ బ్రెక్కీకి అందరికంటే ఎక్కువ ఓట్లు పడేలా ఉన్నాయని చెప్పారు. జనవరి నుంచి అతను తన పై అధికారి. అతను వచ్చి ఆ కుర్చీలో కూర్చునే లోపు తను ఒక్కటి గెలవాలి. అందరూ చెప్పుకునేది, అతనికి ఏ సంబంధం లేనిది, తనకే సొంతమైనది. ఆ కాగితం ఫైలు చివరికి వెళ్ళింది. రేపు, ఎల్లుండి అయింది. ఎల్లుండి, విచారణ అయిపోయాక అయింది.

బోనులో డెల్మర్, ఆ వేళకు ఏదో హోటల్లో ఉన్నానని చెప్పాడు. ఆ సాయంత్రం బాగా తాగి ఉన్నాడు, బండి ఎటు పోనిచ్చాడో తెలియదు. అతని వకీలు రెండు మూడు హోటళ్ళు తిరిగి విసిగి వదిలేశాడు.

అర్లిస్ లేచి నిలబడింది. "ఏ హోటలు?"

"పేరు గుర్తులేదండీ."

"ఏ ఊరు?"

"తెలియదు."

"నిన్ను చూసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

"కాఫీ పోసిన అమ్మాయి ఉంది. ఎర్రజుట్టు."

"ఎర్రజుట్టు అమ్మాయి," అంది అర్లిస్ జ్యూరీ వైపు తిరిగి, ఇంకేమీ అనకుండా. జ్యూరీలో ఇద్దరు నవ్వారు. ఆమె చేతి కింద ఫైలు ఉంది. ఫైలులో ఆ అమ్మాయి ఉంది.

నవంబరులో ఎన్నికలు జరిగిన మర్నాడు జ్యూరీ తీర్పు చెప్పింది. డెల్మర్ నేరస్థుడు, యావజ్జీవం. గురువారం పేపర్లో మొదటి పేజీ సగం లోవెల్ మొహం, పక్కన అతని భార్య మొహం, వాళ్ళ కుక్క మొహం. అర్లిస్ గెలిచిన కేసు ఏడో పేజీలో, ట్రాక్టర్ టైర్ల ప్రకటన కింద. అందులో ఆమె పేరు తప్పు పడింది.

జనవరిలో లోవెల్ వచ్చాడు. మొదటిరోజే ఆమె గది తలుపు దగ్గర నిలబడి, "అర్లిస్, నిజం చెప్పనా, నాకు భయంగా ఉంది. ఇక్కడ నీకు తెలిసిందాంట్లో పదోవంతు కూడా నాకు తెలియదు," అన్నాడు.

"చిత్తం, జనరల్ గారూ."

"ఊరుకో, నువ్వు కూడానా! మనూళ్ళో నన్ను చెరువులోకి తోసినదానివి."

ఆమెను తన తర్వాతి స్థానంలో కూర్చోబెట్టాడు. తన గదికి ఆనుకున్న గది, మధ్యలో తలుపు. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. అర్లిస్‌కు మాత్రం అది తన సొత్తే తనకు బహుమతిగా కాగితం చుట్టి ఇచ్చినట్టు అనిపించింది.

పదేళ్ళు అలాగే గడిచాయి. ఆమె రాసేది, అతను వాదించేవాడు. నదిలోకి విషం వదిలిన ఒక రసాయనాల కంపెనీ మీద కేసు రెండేళ్ళు నడిచింది. అర్లిస్ రాసిన నూట నలభై పేజీలు చదివి లోవెల్ కోర్టులో గంటసేపు మాట్లాడితే, గెలిచిన రోజు రైతులు అతన్ని భుజాల మీద మోశారు. అతను వాళ్ళ భుజాల మీంచే, "ఇదంతా అర్లిస్ రాసింది! ఆమెను ఎత్తండి, నన్ను కాదు!" అని అరిచాడు. మర్నాడు ఊరంతా ఒకటే మాట, ఎంత గెలిచినా ఎంత అణకువో చూడండి అని. ఆమెను పొగిడిన పొగడ్త కూడా చివరికి అతని మెడలోనే పడింది.

అతన్ని ద్వేషించడానికి ఒక్క మంచి కారణం దొరికితే బాగుండునని ఆమె వెతికేది. తాగడు. ఎవర్నీ కసరడు. ఆమె పుట్టినరోజు మరిచిపోడు. చర్చి నేలమాళిగలో విందులప్పుడు ఇంగా పక్కన కూర్చుని, ఆమె చేసిన ఆలుగడ్డ రొట్టెలు ఏడెనిమిది తినేవాడు.

"ఆ పిల్లాడు తింటుంటే చూడముచ్చటగా ఉంటుంది," అనేది ఇంగా.

"పిల్లాడేమిటమ్మా, నలభై దాటాయి."

"నీకు వాడంటే ఎందుకే అంత చిరాకు?"

"చిరాకేం లేదు."

"మరి మొహం అలా పెట్టావేం, పులిసిన పాలు తాగినట్టు?"

పంతొమ్మిది వందల తొంభైలో లోవెల్ గవర్నరుగా నిలబడ్డాడు. అటార్నీ జనరల్‌గా అతని గడువు ఇంకో రెండేళ్ళు ఉంది. గవర్నరైతే ఆ ఖాళీలో ఎవర్ని కూర్చోబెట్టాలన్నది అతని చేతిలోనే. ఆగస్టులో ఒకరోజు మధ్య తలుపు తీసి తల లోపలికి పెట్టి, "నేను గెలిస్తే ఈ కుర్చీ నీది. పదేళ్ళ కిందటే నీది కావలసింది," అన్నాడు. ఆమెకు కృతజ్ఞత కలగాలి. కలిగింది కూడా, ఒక్క నిమిషం. తర్వాత, ఇది కూడా వీడి చేత్తోనే పుచ్చుకోవాలా అనిపించింది. అయినా వెళ్ళి ప్రమాణ స్వీకారానికి ముదురు నీలం రంగు సూటు కుట్టించుకుంది. అద్దం ముందు రెండుసార్లు వేసుకుని చూసుకుంది.

సెప్టెంబరు చివర్లో లా కాలేజీ నుంచి, ఖైదీల పాత కేసులు తిరగేసే ఒక ప్రొఫెసరు ఉత్తరం రాశాడు. ఎర్రజుట్టు అమ్మాయి తిరిగి వచ్చింది. పదేళ్ళ కింద షెరీఫ్‌కు తను చెప్పింది ఏమైందని అడుగుతోంది. డెల్మర్ ఇంకా జైల్లోనే ఉన్నాడని తెలిసి ఏడ్చిందట. ఫైలు చూడనివ్వండి అని ఆ ప్రొఫెసరు అడిగాడు. వేరే ఎవరైనా అయితే ఆ పని కింది వకీలుకు అప్పగించేవారు. లోవెల్ ఆదివారం చర్చి అయ్యాక ఆఫీసుకు వచ్చి ఫైలంతా తనే చదివాడు.

సోమవారం పొద్దున మధ్య తలుపు తెరుచుకుంది. అతని చేతిలో ఒక్క కాగితం ఉంది. బల్ల మీద ఆమె ముందు పెట్టాడు.

"ఈ మూలన రెండక్షరాలు నీవేనా?"

"నావే."

"చదివావా?"

"చదివితేనే వేస్తాను. నీకు తెలుసుగా."

లోవెల్ కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి ఒక్కసారిగా చిన్నగా అయిపోయినట్టు కనిపించాడు. "మరిచిపోయావా అర్లిస్?"

అవునంటే సరిపోయేది. అతను నమ్మేవాడు కూడా. అతను నమ్ముతాడన్న సంగతే ఆమెకు కంపరం పుట్టించింది. "లేదు. మరిచిపోలేదు."

"ఎందుకు?"

"గెలవాలనుకున్నాను."

ఆమే మళ్ళీ అంది, "నవంబరు దాకా ఆగొచ్చు. పదేళ్ళున్నవాడు. ఇంకో ఆరువారాలు. నువ్వు గెలిచాక నేనే కోర్టుకు వెళ్ళి చెబుతాను."

"ఆరువారాలు నువ్వు ఉంటావా ఆ జైలు గదిలో?" అన్నాడు లోవెల్. గొంతు పెంచలేదు. కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదిరోజుల తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ముందు అటార్నీ జనరల్ స్వయంగా నిలబడ్డాడు. మొదటిసారి అతని చేతిలో అర్లిస్ రాసిన కాగితాలు లేవు. రెండో వరసలో కూర్చుని ఆమె వింది.

"ఒక మనిషి నిర్దోషి అని చెప్పే కాగితం మా దగ్గర పదేళ్ళు ఉంది. మేం దాచాం. నా ఆఫీసు దాచింది. దీనికి కారణాలు చెప్పను, చెప్పదగిన కారణాలు లేవు కనుక. అతన్ని ఇవాళే ఇంటికి పంపమని అడగడానికి వచ్చాను."

నాలుగు నిమిషాలు. ఆమె పేరు ఎక్కడా రాలేదు. నిజానికి ఆ పని జరిగేనాటికి అతను ఆ ఆఫీసులో లేడు కూడా. ఆ మాటా అనలేదు. జడ్జీలు అతనివైపు చూసిన చూపు అర్లిస్ చూసింది. ఇన్నేళ్ళలో అతని పదవి చూసి కుళ్ళుకుంది, పేరు చూసి కుళ్ళుకుంది, తల్లి ఫ్రిజ్ మీది బొమ్మలు చూసి కుళ్ళుకుంది. కానీ ఆ నాలుగు నిమిషాలు చూసి ఏడ్చినంతగా ఎప్పుడూ ఏడవలేదు. ఆ చోటు తనది. తప్పు తనది, కాగితం తనది, అక్షరాలు తనవి. అక్కడ నిలబడి ఆ మాటలు చెప్పే హక్కు కూడా తనదే. దాన్ని కూడా అతను తీసుకున్నాడు.

కోర్టు డెల్మర్‌ని వదిలేసింది. నవంబరు ఎన్నికల్లో లోవెల్ ఓడిపోయాడు. హంతకుణ్ణి విడిపించాడని ఒక వర్గం, పదేళ్ళు నిద్రపోయాడని ఇంకో వర్గం. నాలుగువేల ఓట్ల తేడా. మర్నాడు ఆఫీసుకు వచ్చి అందరికీ డోనట్లు పంచాడు.

డిసెంబరులో అర్లిస్ రెండు ఉత్తరాలు రాసింది. ఒకటి వకీళ్ళ క్రమశిక్షణ సంఘానికి, ఇంకొకటి పేపరుకు. దాచింది నేను, బ్రెక్కీ కాదు, తెలిసే దాచాను అని. అది పశ్చాత్తాపమా, లేక అతనొక్కడే గొప్పవాడుగా మిగలడం చూడలేకా అని తనను తాను ప్రశ్నించుకుంది. జవాబు తేలలేదు. తేలేదాకా ఆగితే ఎప్పటికీ పంపనని తెలిసి పంపేసింది. రాజీనామా కాగితం లోవెల్ బల్ల మీద పెట్టింది.

ఆ ఉత్తరం పదకొండో పేజీలో పడింది, హైస్కూలు కుస్తీ పోటీల ఫలితాల పక్కన. అది చూసి, సిగ్గుపడవలసిన ఆ రోజున కూడా, అర్లిస్‌కు మొదట వచ్చింది కోపమే. అతను ఒప్పుకుంటే మొదటి పేజీ, నేను ఒప్పుకుంటే పదకొండా?

ఇంగా ఫోను చేసింది. "చదివాను."

"ఊఁ."

"నా పొరుగువాళ్ళందరూ చదివారు." తర్వాత, "ఆ పిల్లాడి తల్లి బతికుందా?" అని అడిగింది.

"లోవెల్ తల్లా?"

"లోవెల్ కాదే. నువ్వు జైల్లో పెట్టించిన పిల్లాడి తల్లి."

అర్లిస్‌కు తెలియదు. పదేళ్ళలో ఆ ప్రశ్న తనకు తోచలేదు.

వకాలతు చెయ్యకూడదని ఆమెను రెండేళ్ళు ఆపేశారు. వసంతం వచ్చాక డెల్మర్ పనిచేస్తున్న టైర్ల దుకాణం వెతుక్కుంటూ వెళ్ళింది. అతను చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. జుట్టు సగం నెరిసింది.

"మీరెవరో తెలుసు," అన్నాడు.

"క్షమించమని అడగడానికి రాలేదు. చెప్పడానికి వచ్చాను, మొహం మీద."

"బ్రెక్కీ గారు మూడుసార్లు వచ్చి వెళ్ళారు. మా అక్కతో భోంచేశారు కూడా."

ఇక్కడ కూడా! ఆ మాట లోపల మెదిలినందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసి తల దించుకుంది.

"మీ అమ్మగారు?" అని అడిగింది.

"ఎనభై ఆరులో పోయింది. చూడ్డానికి పంపలేదు." డెల్మర్ ఒక టైరు మీద కూర్చున్నాడు. "ఆరోజు కోర్టులో మీరు ఎర్రజుట్టు అన్నారు చూడండి, జ్యూరీ వైపు తిరిగి. జైల్లో నాకు అదే వినబడేది. గొంతు కాదు, ఆ అన్న తీరు. నిజంగా అలాంటి పిల్ల ఉందా, నేనే కలగన్నానా అని నాలుగైదేళ్ళకు నాకే అనుమానం వచ్చింది."

"మీరు కలగనలేదు. అప్పటికే నాకు తెలుసు."

"అదే." అతను లేచాడు. "మిమ్మల్ని క్షమించను. కోపంతో అనట్లేదు. అంతే."

"సరే."

"లోపల ఇంకొకడున్నాడు. నా పక్క గదిలోవాడు. చదవడం రాదు. వాడూ చెయ్యలేదనే అంటాడు. అందరూ అంటారనుకోండి. వాడి కాగితాలు ఎవరూ చూడరు. చూస్తారా?"

ఆమెకు అప్పటికి వకాలతు లేదు. అయినా కాగితాలు చదవడానికి లైసెన్సు అక్కర్లేదు. ఆ వేసవి అంతా వంటింటి బల్ల మీద ఒక తెలియని మనిషి ఫైలు పరిచి చదివింది. అతను చేసినవాడే అని తేలింది. ఆ మాట అతనికే వెళ్ళి చెప్పింది. ఈలోగా జైల్లోంచి ఇంకో నలుగురు రాశారు.

తొంభై నాలుగులో ఇంగా పోయింది. సమాధి అయ్యాక చర్చి నేలమాళిగలో అందరికీ కాఫీ పోసే పని లోవెల్ తలకెత్తుకున్నాడు. అతను ఫాల్క్‌నెస్‌కే తిరిగివచ్చి వీలునామాలు రాస్తూ బతుకుతున్నాడు. జనం వెళ్ళిపోయాక ఇద్దరూ కుర్చీలు మడుస్తుంటే అర్లిస్ ఉన్నట్టుండి అంది:

"నీకొకటి చెప్పాలి. నేను నీమీద ఇరవై మూడేళ్ళు కుళ్ళుకున్నాను."

లోవెల్ కుర్చీ పట్టుకుని ఆగిపోయాడు. "నామీదా? దేనికి?"

"దేనికేమిటి! అన్నిటికీ. ఉద్యోగం, కుర్చీ, ఓట్లు, మా అమ్మ. కోర్టులో నాలుగు నిమిషాలు."

అతను నిజంగా ఆలోచించాడు. నుదురు ముడిపడింది. "నాకు తెలియనే తెలియదు అర్లిస్. నీకు నేనంటే అభిమానం అనుకున్నాను."

ఇంతకంటే అతను తిట్టినా బాగుండేది. ఇరవై మూడేళ్ళు తను లోపల కాలింది. ఆ వేడి మధ్య తలుపు దాటి అతనికి ఒక్కనాడూ తగల్లేదు. ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, అతను తల్లి కోసమనుకుని తన రుమాలు ఇచ్చాడు.

"ఇప్పుడు కూడానా?" అని అడిగాడు.

"ఇప్పుడు కొంచెం తగ్గింది."

"ఎంత?"

"అడక్కు, పెరుగుతుంది."

లైసెన్సు తిరిగి వచ్చాక అర్లిస్ జైలు ఎదురుగా ఉన్న రోడ్డులో చిన్న గది తీసుకుంది. డెబ్బై రెండేళ్ళ వయసు దాకా ఖైదీల ఫైళ్ళు చదివింది. ఇద్దరు నిర్దోషులను బయటికి తెచ్చింది. మూడోవాడు తీర్పుకు నెలముందు జైల్లోనే చనిపోయాడు. డెల్మర్ చివరిదాకా ఆమెను క్షమించలేదు. కానీ చలికాలం ముందు ఆమె కారుకు మంచు టైర్లు బిగించేది అతనే.

లోవెల్‌ని తొంభై ఏడులో జైలున్న ఆ జిల్లాకు జడ్జిగా వేశారు. అతని కోర్టులోకి వచ్చిన ఖైదీ కేసులన్నీ అర్లిస్ వేరే వకీళ్ళకు అప్పగించేది. పాత పరిచయం ఉంది, న్యాయం కాదు అని గుమాస్తాకు కారణం రాసి ఇచ్చేది. అందులో అబద్ధమేం లేదు. కానీ ఆ ఎత్తైన పీట మీద కూర్చున్న లోవెల్ బ్రెక్కీని అందరి ముందూ తలెత్తి చూసి, కోర్టు పద్ధతిలో "మహాప్రభో" అనడం తనవల్ల కాదని ఆమెకు తెలుసు.